ఎడమచేతి ముడి

పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి. రెండింటి కొసలూ కలిపి పట్టుకుని, బూడిద అద్దిన బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్క నులుపు నులిమితే అతుకు పడుతుంది. ఆ వెంటనే ఇంకో రెండు పోగులు. భాగ్యమ్మ పొద్దున్నుంచి మగ్గం గుంట అంచున మోకాళ్ళు మడుచుకుని అదే పని మీద ఉంది.

గద్వాలలో నేసిన చీరను మగ్గం మీంచి దింపేటప్పుడు నిలువు పోగుల పడుగును మొదలంటా ఎవరూ కొయ్యరు. జానెడు పాత పడుగును, దువ్వెన పళ్ళలా ఉండే అచ్చులోనే వదిలిపెడతారు. దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతుకుతారు. అది రోజుల తరబడి సాగే పని. కళ్ళు గుంజుతాయి, నడుము పట్టేస్తుంది. ఇరుగమ్మ పొరుగమ్మ వచ్చి కాసేపు చేయి వేసిపోతారు. ఆ పనికి కూలి అడిగేవాళ్ళు లేరు. ఇయ్యాళ నీ ఇంట్లో, రేపు నా ఇంట్లో.

పక్కింటి హన్మమ్మ అట్లాగే వచ్చింది. భాగ్యమ్మ నీళ్ళు తాగి వచ్చేలోపు ఆమె కొన్ని పోగులు అతికిపెట్టి లేచింది. భాగ్యమ్మ భర్త రామచంద్రయ్య లోపలికి వచ్చి, అతికిన వరస మీద వేళ్ళు మెల్లగా జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఈడ హన్మమ్మ చెయ్యి వడ్డది" అన్నాడు.

"వడితె ఏమాయె? నీ మగ్గం మైల వడ్డదా?" అని హన్మమ్మ గడప దగ్గర్నుంచే కసిరింది.

"మైల కాదమ్మా. నీ నులుపు గట్టిగుంటది. మొగుని మీది కోపమంత పోగుల మీద చూపిస్తవు."

ముగ్గురూ నవ్వుకున్నారు. వాళ్ళ ఇంట్లో చెయ్యిని బట్టి మనిషిని చెప్పడం కొత్త కాదు. కూతురు ఉమ చిన్నప్పుడు అతుకు నేర్చుకుంటుంటే ఆ పిల్ల నులుపు తిరగబడి పడేది. ఎడమచేతి వాటం. భాగ్యమ్మ కొట్టి మాన్పించాలని చూసింది. ఎడమచేతి పిల్లను రేపు ఎవరు మెచ్చుతారో, దేవుని పళ్ళెం ఏ చేత్తో పడుతుందో అని లేనిపోని దిగులంతా పడింది. చివరికి రామచంద్రయ్యే పిల్లను పడుగు ఎడమ అంచున కూర్చోబెట్టి, "నువ్వు ఆ దిక్కుకెల్లి రా, మీ అమ్మ ఈ దిక్కుకెల్లి వస్తది" అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అతుకు రెండు అంచుల నుంచి మొదలై నడుమ కలిసేది. ఉమ ఇంటర్ చదివి వనపర్తిలో విమానాల తీగల కంపెనీలో చేరినప్పటినుంచి ఎడమ అంచు ఖాళీ.

"భాగ్యక్కా! ఫోనొచ్చింది, వనపర్తి నుంచి!" అని కిరాణా కొట్టు తిమ్మప్ప వీధిలోంచి కేకేశాడు.

కొట్టు నాలుగిళ్ళ అవతల ఉంది. ఆ నాలుగిళ్ళు దాటేలోపు భాగ్యమ్మ మనసులో బస్సు బోల్తాపడింది, ఉమకు కరెంటు షాకు కొట్టింది, రూములో గ్యాసు పేలింది. ఫోను అందుకునేసరికి చేతికున్న బూడిద చెమటకు తడిసి ముద్దయింది.

"ఉమ వాళ్ళ అమ్మగారేనా?"

"నా బిడ్డ పాణంతోని ఉన్నదా సారూ? ముందు గది చెప్పు."

"బాగానే ఉందమ్మా. అమ్మాయి ఉద్యోగం గురించి మాట్లాడాలి. రేపు కంపెనీకి రండి."

ఇంటికొచ్చి చెప్తే రామచంద్రయ్య పేక పోగు నడిపే నాడెను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"అమెరికాల బ్యాంకులు మునిగినయని పేపర్ల రాస్తుండ్రు గద. విమానాలు కొనేటోళ్ళు లేరంట. కంపెనీల సగం మందిని తీసేస్తమంటుండ్రంట. పిల్లలందరు సంఘం కట్టి గేటు ముందట కూసుంటుండ్రని ఉమ మొన్ననే చెప్పింది."

"నాకు చెప్పలే!"

"చెప్తే నువ్వు నిద్ర పోతవా?"

"పోలీసులొస్తే? లాఠీలతోని కొడితె? ఆడపిల్లను ఠాణాల కూసోవెడితె?"

"ఇగో, గిందుకే చెప్పలే" అన్నాడు రామచంద్రయ్య. "నువ్వే పోయి రా. నేను పోతే ఆడ కొట్లాట పెట్టుకుంట."

సగం అతికిన పడుగు మీద పాత పంచె కప్పి, భాగ్యమ్మ తెల్లారి మొదటి బస్సు ఎక్కింది.

*

కంపెనీ వనపర్తి శివార్లలో కొత్తకోటకు పోయే బాట పక్కన ఉంది. గేటు ఎదురుగా షామియానా వేసి, టార్పాలిన్ పరదాలు పరిచి, ఆడపిల్లలు వరుసలు కట్టి కూర్చున్నారు. అందరికీ నీలం రంగు కోట్లు. పని లేని చేతులు ఊరుకోలేక ఒకరి జడ ఒకరు విప్పి అల్లుతున్నారు. పోలీసులు ఎక్కడా కనపడలేదు. లోపల దాక్కుని ఉంటారేమోనని భాగ్యమ్మ అనుకుంది.

ఉమ తల్లిని చూసి పరుగెత్తుకొచ్చింది.

"నిన్నెవరు పిలిచిండ్రే అమ్మా?"

"మీ సారు."

"చూసినవా అన్నా!" అని ఉమ వెనక్కి తిరిగింది. మెషిన్ల దగ్గర పనిచేసే అబ్రహాం అక్కడే ఉన్నాడు. సంఘానికి పెద్ద అతనే. "అందరి అమ్మానాయనలను గిట్లనే పిలుస్తుండ్రు. మా మాట ఇనరు గని, వీళ్ళను కుర్చీల కూసోవెట్టి చాయ్ తాపుతరు. అమ్మా, నువ్వు లోపటికి పోకే."

"గంత దూరం నుంచి వచ్చి పోకుంటెట్ల? సారుతోని మంచిగ మాట్లాడి వస్త."

"పోనియ్యి ఉమా, తల్లి గద" అన్నాడు అబ్రహాం. భాగ్యమ్మ వైపు తిరిగి, "ఏదడిగినా జర నిమ్మళంగ ఆలోచించి చెప్పమ్మా" అన్నాడు.

ఆఫీసు గది చల్లగా ఉంది. మెత్తటి కుర్చీ కొసకు భాగ్యమ్మ భయం భయంగా ఆనుకుంది. శ్రవణ్ కుమార్ అనే ఆఫీసరు ఆమె అనుకున్నంత పెద్దవాడు కాదు. మాట మెత్తగా ఉంది. సొరుగులోంచి ఒక తీగల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. సన్నటి తెల్ల తీగలు, జడకు పాయలున్నట్టు ఒద్దికగా ఉన్నాయి. వాటిని జానెడుకొక చోట దారంతో చుట్టి ముడేశారు. ఒకచోట మాత్రం ముడి వదులై పక్కకు జారింది.

"ఇది విమానంలో పెట్టేదమ్మా. ముడి జారితే తీగలు రాసుకుపోతాయి. బయటిదేశం వాళ్ళు వెనక్కి పంపారు. ఈ బల్ల దగ్గర పనిచేసేది ఇద్దరే, ఒక కట్టంతా ఒక్కరే కడతారు. మీ ఉమ, గట్టు ఊరి నుంచి వచ్చిన జోగులమ్మ. ఎవరు కట్టారంటే ఇద్దరూ నోరు విప్పరు. చెప్పకపోతే ఇద్దరినీ తీసెయ్యాలి. తప్పు మీద పోయినవాళ్ళకు కంపెనీ ఏమీ ఇవ్వదు. ఇంకో కంపెనీ గేటు కూడా దాటనివ్వరు."

భాగ్యమ్మకు చివరి మాటలు వినపడలేదు. ఆమె వేళ్ళు వాటంతటవే కట్ట మీదికి పోయాయి. జారిన ముడి పక్కన ఇంకా బిగిసి ఉన్న ముడిని తడిమాయి.

"ఇది మా పిల్ల కట్టింది కాదు సారూ."

"ఎట్లా చెప్తారు?"

"మా పిల్లది ఎడమచెయ్యి. అది కడితే కొస ఇటు దిక్కు వడ్తది. ఇది అటు వడ్డది. ఇది కుడిచేతి ముడి." ఆమె ముఖం విప్పారింది. "మా పిల్ల కట్టలే సారూ, ఒట్టు!"

శ్రవణ్ కుమార్ కట్టను తన వైపు జరుపుకున్నాడు. తర్వాత నవ్వి చాయ్ తెమ్మన్నాడు. చాయ్ తెచ్చిన ముసలామె కప్పు పెట్టి పోకుండా బల్ల తుడుస్తూ నిలబడింది.

"రేపు పొద్దున విచారణ ఉంది. హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తారు. ఆయన ముందు ఈ మాటే చెప్పండి. మీ అమ్మాయి ఉద్యోగం ఎక్కడికీ పోదు."

భాగ్యమ్మ రెండు చేతులూ జోడించింది. చాయ్ తియ్యగా ఉంది. సగం తాగాక గాని ఆమెకు తోచలేదు, ఆ బల్ల దగ్గర ఉన్నది ఇద్దరేనని. ఒకరు కాదంటే ఇంకొకరేనని.

*

బయటికొచ్చి కొళాయి దగ్గర ముఖం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. షామియానా కింద ఒక పక్కగా ఒదిగి కూర్చుంటే, బక్కపలచటి పిల్ల ఒకతె ఎదురుగా చతికిలపడి సత్తు డబ్బా మూత తీసింది.

"నేను జోగులమ్మను పెద్దమ్మా. ఉమ నీ గురించి మస్తు చెప్తది. తిను. జొన్నరొట్టె, పుండికూర. మా అమ్మ పంపింది. రొట్టె గట్టివడ్డదని నీళ్ళు చల్లి మెత్తగ చేసిన."

భాగ్యమ్మ ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. రెండో ముక్క తుంచి చేతిలోనే పట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా, కూర పుల్లగున్నదా?"

"లేదు బిడ్డా. మంచిగున్నది." ఆమె తల వంచుకునే అడిగింది. "మీ అమ్మను గూడ పిలిచిండ్రా సారోళ్ళు?"

"మా ఊర్ల మా దిక్కు ఫోను లేదు. ఎవరు పోయి చెప్తరు? మా అమ్మ పెంటమ్మ అంటే చేను, చేను అంటే పెంటమ్మ. వచ్చినా గా కుర్చీల కూసోదు, కింద కూసుంటది" అని జోగులమ్మ నవ్వి, ఆమె చేతిలో ఇంకో రొట్టె పెట్టింది.

సాయంత్రం ఆడపిల్లల రూముకు పోయారు. జోగులమ్మ నీళ్ళకు పోయినప్పుడు భాగ్యమ్మ కూతుర్ని పక్కకు లాగింది.

"ఆ ముడి ఎవరు కట్టిండ్రే?"

"నీకు గూడ చూపించిండ్రా?" ఉమ బట్టలు మడతపెడుతున్నది ఆగింది. "ఎవరు కడితె ఏంది అమ్మా? దారం మార్చిండ్రు. ముందు మైనం పట్టిన దారం ఇస్తుండిరి. ఖర్చు తక్కువని ఉత్త దారం తెచ్చిండ్రు. గంజి పెట్టని పోగు మగ్గం మీద ఎట్లుంటదో నీకు తెల్వదా? జారుతదని మేము చెప్పినం. ఇన్లే."

"మరి గదే చెప్పొచ్చు గదనే సారుకు!"

"చెప్పినం. ముందు పేరు చెప్పుండ్రి, తర్వాత దారం సంగతి చూస్తమంటుండ్రు. పేరు దొరికినంక దారం సంగతి ఎవరడుగుతరు? ఇయ్యాళ మా బల్ల, రేపు ఇంకో బల్ల. తప్పుల పేరు మీద సగం మందిని ఉత్త చేతులతోని పంపిస్తరు. మేము అంటున్నదేంది? పని తక్కువుంటే ఉన్న పనే అందరం పంచుకుంటం, జీతం గూడ సగమే ఇయ్యుండ్రి, ఎవ్వర్ని తియ్యకుండ్రి అని. గంతే."

"పేరు చెప్తే నువ్వన్న మిగుల్తవు గద..."

ఉమ తల్లి ముఖంలోకి చూసింది. "జోగులమ్మ చెప్తనే అన్నది. నేను కట్టిన అని చెప్తా, నువ్వన్న ఉండు అన్నది. నేనే ఆపిన. దానికి పని నేర్పింది నేను. ఎదురుంగ కూసోని నేర్పిన. నాది ఎడమ, దానిది కుడి. అద్దంల చూసినట్టు పట్టుకున్నది. ఇంకొకరైతే గంత జల్ది రాకపోతుండె."

భాగ్యమ్మ నోరు తెరిచింది. సారు దగ్గర తాను అన్నది చెప్పాలనుకుంది. అప్పటికే బిందె చప్పుడు గడప దగ్గరికి వచ్చింది. జోగులమ్మ ఒక చెంబు నీళ్ళు స్టవ్ మీద కాచి, "మోకాళ్ళకు కాపడం పెట్టుకో పెద్దమ్మా, బస్సుల కూసోని పట్టుకపోయుంటయి" అంటూ గుడ్డ తడిపి ఇచ్చింది.

*

తెల్లారి భాగ్యమ్మ కూతురికి జడ వేసింది. ముడి వేసి లేవబోతుంటే జోగులమ్మ వచ్చి ఆమె ముందర వీపు తిప్పి కూర్చుంది.

"నాకు గూడ ఎయ్యి పెద్దమ్మా. మా అమ్మ వేసి శానా రోజులాయె."

ఎండకు ఎర్రబారిన జుట్టు. చిక్కులు విడదీస్తుంటే ఆ పిల్ల ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. మెడ వెనుక చిన్న మచ్చ ఉంది. ఈ మచ్చ పెంటమ్మకు తెలిసే ఉంటుందని భాగ్యమ్మకు అనిపించింది. ఎప్పుడో పొయ్యి దగ్గర నిప్పురవ్వ పడి ఉంటుంది, ఆ తల్లి పిల్లను చంకనేసుకుని దవాఖానకు ఉరికి ఉంటుంది. మూడు పాయలు అల్లుతుంటే జడ వంకరపోయింది. విప్పి మళ్ళీ అల్లింది.

విచారణ గదిలో పొడుగాటి బల్లకు అవతల హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసారు, శ్రవణ్ కుమార్ కూర్చున్నారు. ఇవతల సంఘం తరఫున అబ్రహాం. గోడ పక్కన ఉమ, జోగులమ్మ నిలబడ్డారు. తీగల కట్ట బల్ల నడుమ ఉంది.

"నిన్న నాతో చెప్పింది చెప్పండమ్మా" అన్నాడు శ్రవణ్ కుమార్.

భాగ్యమ్మ కట్ట చేతిలోకి తీసుకుంది. కళ్ళ ముందు ఉమ ఉద్యోగం పోయి, సంచి పట్టుకుని గద్వాల బస్టాండులో దిగుతోంది. ఇంకెక్కడా పని దొరకక మగ్గం గుంటలో కూర్చుని కళ్ళు పోగొట్టుకుంటోంది. ఎప్పుడూ లేనిది ఈసారి ఆ భయం అక్కడితో ఆగకుండా ఇంకో బస్టాండు దాకా పోయింది. గట్టులో దిగుతున్న ఇంకో పిల్ల కనిపించింది. ఆ పిల్లకు ఎదురు రావడానికి చేను విడిచి వచ్చేవాళ్ళు కూడా లేరు.

ముడి ఆమె వేలి కిందే ఉంది. కొస కుడివైపే పడి ఉంది.

"తెల్వదు సారూ."

"నిన్న కుడిచేతి ముడి అన్నారు కదా?"

గోడ పక్కన ఉమ తల చటుక్కున లేచింది. భాగ్యమ్మ అటు చూడలేదు.

"అన్న సారూ. పాణం ఆగక అన్న. నా బిడ్డను కాపాడుకోవాల్నని నోటికొచ్చింది అన్న."

"అంటే అబద్ధం చెప్పారా?"

"అవు సారూ."

"మళ్ళీ ఒకసారి చూడమ్మా. మీ అమ్మాయి బతుకు ఇది" అన్నాడు పెద్దసారు.

"చీరలైతే చెప్త. విమానాలు నాకేం తెలుసు?" కట్టను పసిపిల్లను దింపినట్టు మెల్లగా బల్ల మీద పెట్టింది. చేతులు కొంగులో దాచుకుంది.

అబ్రహాం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పేరు దొరకలే. ఇగ దారం సంగతి రాసుకుండ్రి సార్."

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. దారం పరీక్షకు పంపిస్తామన్నాడు. అది తేలేదాకా ఇద్దరు పిల్లలూ ఇళ్ళకు పోయి ఉండాలన్నాడు. పని ఉంటుందని అనలేదు, పోయిందనీ అనలేదు.

*

గేటు దాటాక ఉమ విసవిసా ముందు నడిచిపోయింది. భాగ్యమ్మ వెనుకబడింది. ఉద్యోగం పోతే పోయింది, ఇంక బిడ్డ తనతో జన్మలో మాట్లాడదని ఆమె అనుకుంది. పక్కన జోగులమ్మ నడుస్తోంది.

"బిడ్డా, నేను నిన్న..."

"నాకు తెల్సు పెద్దమ్మా."

భాగ్యమ్మ నిలబడిపోయింది.

"చాయ్ ముసలామె చెప్పింది. నువ్వు కొళాయికాడ మొకం కడుక్కుంటుండంగనే వచ్చి చెప్పింది."

"రొట్టె పెట్టకముందే?"

"ఆఁ."

"తెలిసి గూడ పెట్టినవా?"

జోగులమ్మ ఆమెను వింతగా చూసింది. "పొద్దుగాల బస్సెక్కి వచ్చినవు. ఆకలైతుండె గద నీకు." కొంచెం దూరం నడిచాక అంది. "మా అమ్మ వచ్చుంటే అది గూడ గట్లనే చెప్తుండె. రాలేదు గాబట్టి తప్పించుకున్నది."

భాగ్యమ్మ రోడ్డు పక్కనే కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికో ఎవరో ఆమె చేతిలోంచి సంచి లాక్కున్నారు. ఎడమచెయ్యి.

"లెవ్వు, బస్సు పోతది" అంది ఉమ. గొంతు ఇంకా కోపంగానే ఉంది. సంచి మాత్రం భుజానికి తగిలించుకుని, రెండో చెయ్యి తల్లి చంక కిందికి పోనిచ్చింది. "జోగులమ్మా, నువ్వు గూడ నడువు. ఇంట్ల పడుగు సగమే అతికి వచ్చిందంట. మనం ఖాళీగ కూసోని ఏం చేస్తం?"

*

గద్వాలలో రెండు రోజులుగా ఇల్లంతా బూడిద వేలిముద్రలే. జోగులమ్మకు మగ్గం కొత్త, ముడి కొత్త కాదు. ఆ పిల్ల కుడి అంచున, ఉమ ఎడమ అంచున, భాగ్యమ్మ ఒకసారి ఇటూ ఒకసారి అటూ. తిమ్మప్ప కొట్టు వైపు ఏ కేక వినపడినా భాగ్యమ్మ చెయ్యి ఆగేది. అతను మేకను అదిలిస్తున్నాడని తెలిశాక మళ్ళీ కదిలేది. కంపెనీ నుంచి కబురు రాలేదు. షామియానా ఇంకా ఎత్తలేదని అబ్రహాం చెప్పి పంపాడు.

చివరి పోగు నడుమ కలిసినప్పుడు రామచంద్రయ్య వచ్చాడు. అలవాటుగా వరస మీద వేళ్ళు జరుపుకుంటూ పోయి నడిమధ్యలో ఆగాడు. వంగి చూశాడు. ఒకే చోట ఒక నులుపు ఇటు, ఇంకో నులుపు అటు, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి.

"ఈడ ఎవరి చెయ్యే ఇది?"

ఆడపిల్లలిద్దరూ భాగ్యమ్మ వైపు చూశారు. ఆమె తల ఎత్తలేదు.

"నాకు తెల్వదు" అంది. "ముందు గుంజు. అతుకులు అచ్చు దాటుతయో తెగుతయో నాకు గుబులైతుంది."

రామచంద్రయ్య పడుగు కొస పట్టుకుని మెల్లగా ముందుకు లాగాడు. భాగ్యమ్మ కళ్ళు మూసుకుని, చెరో పక్క ఉన్న పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంది. అచ్చులోంచి పోగులు సరసరమని జరుగుతున్నాయి. తెగిన చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించి వింటూనే ఉంది.

"అమ్మా" అంది ఉమ. "దాటినయి. కండ్లు తెరువు."